కారణాలు చెప్పే అలవాటు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కోనసీమ నుంచి నమస్కారాలు. పని జరిగిపోయాక తీరిగ్గా వచ్చి, "ఇదంతా చేయించింది నేనేనండి" అని ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంటారు. అయినా మీకు మర్యాదల్లో మేమేం లోటు చెయ్యలేదు.

మా వైపు చాలా వరి చేలు రొయ్యల చెరువులైపోయాయి. ఎందుకు తవ్వించారండీ అంటే అందరి నోటా మీరే పలుకుతారు. ధాన్యానికి గిట్టుబాటు లేదండి, కూలీలు దొరకట్లేదండి, ఆయ్! నిజాలే, కాదనను. కానీ ఈ నిజాలన్నీ పక్క చేలో పొక్లెయిన్ దిగిన రోజే గుర్తొచ్చాయేంటో! "ఆడు తవ్వేశాడు, నాకు నిద్ర పట్టలేదు, నేనూ తవ్వేశాను" అన్న మగాణ్ణి ఇంతవరకు చూడలేదు. (పక్క చెరువు ఉప్పు ఊరి చేను పాడైతే గత్యంతరం లేక తవ్వుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు మీ సాయం అక్కర్లేదు.)

మీ గుట్టు 1977లోనే బయటపడింది. అమెరికాలో నిస్బెట్, విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అచ్చం ఒకేలాంటి 4 జతల మేజోళ్లు వరసగా పెట్టి, ఏది మేలురకమని అడిగారు. నూటికి 40 మంది కుడి చివరి జతే అన్నారు. నేత బాగుందట! చివర్న ఉందని ఎంచారేమో అంటే, అడిగినవాడికే ఏదో తేడా చేసిందన్నట్టు చూశారు. స్వీడన్లో మరీ ఘోరం. 2005లో అచ్చయిన ప్రయోగంలో, రెండు ఫోటోల్లో నచ్చింది ఎంచుకోమని, చేతివాటంతో నచ్చనిది చేతికిచ్చారు. చాలామంది పోల్చుకోలేదు సరికదా, అదే ఎందుకు నచ్చిందో వివరించారు. అక్కడ మాట్లాడింది మీరు కాదంటారా?

డారిల్ బెమ్ అనే మనస్తత్వవేత్త ఇంకో మాటన్నాడు. మన లోపలి సంగతి స్పష్టంగా లేనప్పుడు, బయటివాళ్లలాగే మనమూ మన పనులు చూసే తెలుసుకుంటామని. ఆ లెక్కన మా ఆవిడ నాకు సీనియర్. "మీకు ఆ పెళ్లికి రావడం ఇష్టం లేదు. గంట నుంచీ చొక్కా వెతుకుతున్నారు" అంటుంది. ఎండగా ఉందని మీరు నాచేత చెప్పించేలోపే చొక్కా తెచ్చి చేతిలో పెడుతుంది.

అసలు విషయానికొస్తాను. శ్రావణంలో మా మేనల్లుడికి సంబంధం ఖాయం చెయ్యాలి. ఉద్యోగం, కుటుంబం, జాతకం అంటూ మీరు బయల్దేరకండి. వాడు ఆలోచించి చెప్తానన్నాడు గానీ, ఏ అమ్మాయి ఫోటో చూస్తూ కాఫీ చల్లార్చేసుకున్నాడో మా అక్క చూసేసింది. ముహూర్తాలు పెట్టించాక కబురు చేస్తాం, అప్పుడొచ్చి కారణాలు చెబుదురుగాని.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు