ఆకు చూసి అంజీర్ రకం చెప్పేవాళ్లకో దండం

పెరట్లో ఉన్నది ఏ రకం అంజీరో కనుక్కుందామని ఆకు ఫొటో పంపితే చాలు, పేర్లు వచ్చి పడతాయి. ఒకరు డయానా అంటారు, ఒకరు బ్రౌన్ టర్కీ, ఇంకొకరు పూనా. ఒక పెద్దాయనైతే "ఇది మేడి చెట్టమ్మా, కొట్టించెయ్యి" అన్నారు! మేడికాయలు మొద్దు మీద గుత్తులుగా కాస్తాయి, దాని ఆకుకు చీలికలుండవు. ఆ మాత్రం చూడరా?

అంజీర్ ఆకును నమ్మకూడదు. ఒకే చెట్టు మీద మూడు చీలికలదీ, ఐదు చీలికలదీ, అసలు చీలికే లేనిదీ ఉంటాయి. నీడలో పెరిగిన కొమ్మకు ఒక తీరు, కొట్టేశాక వచ్చిన చిగురుకు ఇంకో తీరు. పైగా మన హైదరాబాద్ వానలకు తుప్పు తెగులు పట్టిందంటే చూడ్డానికి ఆకే మిగలదు.

చూడాల్సింది కాయని. అదీ చెట్టు మీదే పండి, మెత్తబడి, కిందికి వాలిన కాయని. తొడిమ పొడుగా పొట్టా, కింద కన్ను (కాయ అడుగున ఉండే చిన్న రంధ్రం) మూసుకుందా తెరుచుకుందా, తొక్క ఏ రంగు, కోస్తే గుజ్జు తేనె రంగా ఎరుపా? పాత కొమ్మ మీద కాసిన కాయా, కొత్త చిగురు మీద కాసిన కాయా ఒక్కలా ఉండకపోవచ్చు, రెండూ చూడాలి. పండినా తొక్క పసుపుపచ్చగానే ఉంటే అది బ్రౌన్ టర్కీ కాదని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

నా అసలు కోపం నర్సరీల మీద. అంజీర్‌ని కొమ్మ నాటి పెంచుతారు, అంటే ప్రతి మొక్కా తల్లి చెట్టుకు అచ్చు నకలే. తల్లి పేరు తెలిస్తే పిల్ల పేరు తెలిసినట్టే. అయినా నేను కొన్నచోట అడిగితే "అంజీరే మేడం, మంచిగ కాస్తది" అన్నారు. కవర్ మీద ఒక ముక్క రాస్తే ఏం పోయింది? మనమూ తక్కువేం కాదులెండి. మామిడి మొక్క దగ్గర బంగినపల్లా, హిమాయతా అని ప్రాణం తీస్తాం, అంజీర్ దగ్గర నోరెత్తం.

ఎండు అంజీర్ గింజ వేసి పెంచిన చెట్టైతే లెక్క వేరు. దానికి పేరే ఉండదు, ఎంత వెతికినా దొరకదు. అలా మొలిచినవాటిలో దాదాపు సగం తినే కాయే ఇవ్వవు. మిగతావాటిలో కొన్నింటికి ఒక చిట్టి కందిరీగ లోపలికి దూరి పుప్పొడి అంటించాలి, లేకపోతే పిందెలన్నీ రాలిపోతాయి. ఏటా ఇదే జరుగుతుంటే ఎరువుల మీద డబ్బు తగలేసే ముందు ఈ అనుమానం కూడా పెట్టుకోండి.

మా చెట్టు డయానా కావొచ్చు. "కావొచ్చు" దగ్గరే ఆగుతాను. పక్కింటి అక్కకు కొమ్మ ఇచ్చినప్పుడు కవర్ మీద ఇలా రాశాను: "రకం తెలియదు. పసుపు తొక్క, గులాబీ గుజ్జు. సైనిక్‌పురి."