పిక్నిక్ అంటే బర్గరేనా?

నిన్న మా పాపను స్కూల్ వాళ్లు గోల్కొండ కోట చూపించడానికి తీసుకెళ్లారు. ఎండలో కోట పైన ఉన్న బాలా హిసార్ దాకా మెట్లెక్కి దిగిన పిల్లలకు మధ్యాహ్నం పెట్టింది బర్గర్, ఫ్రెంచ్ ఫ్రైస్, కూల్ డ్రింక్. తిండికి విడిగా డబ్బులు కట్టించుకున్నారు, పైగా ఇంటి నుంచి డబ్బా తేవద్దన్నారు! రాత్రంతా కడుపునొప్పి అని ఏడుస్తూనే ఉంది, నాకు ఒకటే టెన్షన్.

స్కూల్ గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. గేటు దగ్గర వద్దన్న తిండి బస్సెక్కితే మంచిదైపోతుందా?

పులిహోర, పెరుగన్నం, ఒక అరటిపండు. ఇంతకన్నా ఏమడిగాం? పొద్దున్నే లేచి నేనే కలిపిస్తాను, దయచేసి డబ్బా తెచ్చుకోనివ్వండి.