గోదావరి డెల్టాలో రాత్రి ఎనిమిది తర్వాత ఏం చూడాలి?

గోదావరి జిల్లాలకు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు పగలు ఇట్టే గడిచిపోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట, ఆత్రేయపురం పూతరేకులు, లంకల్లో పడవ షికారు, సాయంత్రం రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో హారతి. ఏడున్నరకల్లా అన్నీ అయిపోతాయి. భోంచేశాక, "ఇక్కడ రాత్రిపూట చూడ్డానికి ఏమీ లేదా?" అని అడుగుతారు. మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు కూడా ఇదే అడిగాడు. ఫోన్‌లో వెతికితే వాడికి మల్టీప్లెక్సులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆ రాత్రే మేం ఉన్న చోటుకి పాతిక కిలోమీటర్ల లోపల నాకు తెలిసి రెండు ఊళ్లలో నాటకం ఉంది.

నా బాధ అదే. డెల్టాలో ప్రదర్శనలకు కొదవ లేదు. అవి జరుగుతున్నాయని బయటివాళ్లకు చెప్పే ఏర్పాటే లేదు. మిగతా నగరాల్లో ముందు హాలు పేరు తెలుసుకుని, అందులో ఏం ఆడుతుందో చూసుకుంటే సరిపోతుంది. ఇక్కడ పంచాంగం దగ్గర పెట్టుకోవాలి. సార్వా కోతలై, ధాన్యం డబ్బు చేతికొచ్చాక సంక్రాంతితో ఊరికి సందడి వస్తుంది. అక్కణ్నుంచి శ్రీరామనవమి దాకా తీర్థాలు, సంబరాలు, జాతరలు. మళ్లీ వినాయక చవితి, దసరా పందిళ్లు. ఈ నెలల్లో వచ్చినవాడికి ఏదో ఒక ఊళ్లో పందిరి కింద పద్యం వినపడుతుంది. జూన్ చివర నాట్లప్పుడు వచ్చి నాటకం ఎక్కడ అంటే ఎవరూ చూపించలేరు.

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. 1880లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు రాజమహేంద్రవరం వచ్చి ఆడి వెళ్లారు. వాళ్లు వేసుకున్న పాకల్లోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో తెలుగు నాటకాలు వేయించారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. అంటే మన ఆధునిక నాటకం తొలి అడుగు పడింది ఒక తాత్కాలికమైన పాకలో. పురమందిరం ఆ తర్వాత పదేళ్లకు, 1890లో వచ్చింది. దాదాపు ఆ రోజుల్లోనే చిలకమర్తి లక్ష్మీనరసింహం రాసిన నాటకాలను ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఈ ఊళ్లోనే ఆడించారు. వాటిలో ఆడవేషాలు కట్టిన కుర్రాడు టంగుటూరి ప్రకాశం. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ప్రకాశం పంతులే.

ఊరూరా ఆడే పాండవోద్యోగ విజయాలు కూడా ఈ మట్టివే. వాటిని రాసిన జంట కవులు తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పుట్టింది కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి పుట్టింది భీమవరం పక్క యండగండిలో. ఇప్పుడు కడియం వెళ్లేవాళ్లంతా నర్సరీల్లో పూలమొక్కల మధ్య ఫొటోలు దిగి వస్తారు. రాయబారం సీనులో కృష్ణుడి నోట తెలుగువాళ్లందరూ విన్న పద్యాల కవి ఇక్కడే పుట్టాడని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఒక రాత్రి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు సంక్రాంతి రోజుల్లో మొదలై దాదాపు నెల రోజులు సాగుతాయి. ఆ మధ్య ఒకసారి వెళ్లినప్పుడు నాకు స్టేజీకి ఎడమ పక్కన, హార్మోనియం మాస్టారికి నాలుగడుగుల దూరంలో చోటు దొరికింది. పౌరాణిక నాటకంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. ఎవరి పార్టు వాళ్లది. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ, కాసేపటికి అర్థమవుతుంది. జనం కథ కోసం రాలేదు, కథ అందరికీ తెలుసు. ఫలానా పద్యం ఇవాళ ఈయన ఎలా ఎత్తుకుంటాడో, రాగాన్ని ఎంతదూరం లాగి ఎక్కడ దించుతాడో వినడానికి వచ్చారు. రాత్రి ఒంటిగంట దాటాక రెండో కృష్ణుడు ఒక పద్యం అందుకున్నాడు. చివరి పాదానికి గొంతు జీర పోయింది. హార్మోనియం మాస్టారు తలెత్తి ఆయన్నే చూస్తూ, తెరిచిన బెలోస్‌ని అలాగే పట్టి ఒకే స్వరం మీద నిలిపారు, ఆయన ఊపిరి తీసుకునే దాకా. కృష్ణుడు మళ్లీ అందుకుని గట్టెక్కాడు. వెనక నుంచి "వన్స్ మోర్" అని కేక. ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, పంచె సర్దుకుంటూ స్టేజీ ఎక్కి, వంద నోటు చదివించారు. మైకులో ఆయన పేరు, ఊరు చదివారు. పద్యం మళ్లీ మొదలైంది.

అది చూడ్డానికి టికెట్ లేదు. ముందు బుక్ చేసుకునే పని లేదు. జనవరి చలిలో ఒక దుప్పటి, తెల్లారేదాకా కూర్చునే ఓపిక ఉంటే చాలు.

ఆ సంక్రాంతి రోజుల్లోనే భీమవరంలో హోటల్ గది దొరకదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కోడిపందేల బరుల కోసం వస్తారు. చట్టం ఒప్పుకోని ఆ పందేలకు దక్కే ప్రచారంలో పదో వంతు కూడా అదే వారంలో జరిగే నాటకాలకు, తీర్థాలకు దక్కడం లేదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడండి. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు వస్తారు. వెదురు కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టిన నిలువెత్తు ప్రభలను భుజాల మీద మోసుకుంటూ చేల గట్లు దాటి వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటే చోట మోసేవాళ్లు పీకల్లోతు నీళ్లలో నడుస్తారు. డప్పులు, గరగలు, "శరభా శరభా" కేకలు. మనుషులు మునుగుతున్నా పైన ప్రభ ఒరగకూడదు. చూస్తున్నవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే. ఢిల్లీ దాకా వెళ్లిన ప్రదర్శనకు అమలాపురం బస్టాండులో దారి చూపించే బోర్డు ఒక్కటి పెట్టాలి కదా!

హాళ్లు లేవని కాదు. రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం ఉంది. కాకినాడలో సూర్యకళామందిర్, దంటు కళాక్షేత్రం ఉన్నాయి. నాటిక పోటీలు, ఆ పోటీలు నడిపే పరిషత్తుల నాటకాలు, సంగీత కచేరీలు ఇలాంటి చోట్లే జరుగుతాయి. పరిషత్తు నాటిక గంటలో అయిపోతుంది, పద్యాల పరిచయం అక్కర్లేదు, భాష ఇవాళ్టిది, ప్రవేశం ఉచితం. పిల్లలతో వచ్చినవాళ్లు దీనితో మొదలుపెట్టడం మంచిది. చిక్కల్లా ఎప్పుడు ఉంటుందో తెలుసుకోవడంలోనే ఉంది. డెల్టాలోనే ఒక పట్టణంలో, పేరు అనవసరం, నాటిక ఉందని ఎవరో చెబితే యాభై కిలోమీటర్లు వెళ్లాను. గేటు దగ్గర పెళ్లి భోజనాల షామియానా వేసి ఉంది. పోటీలు వారం వెనక్కి జరిపారని కాపలాదారు చెప్పాడు. ఆ మాట గేటుకి ఒక కాగితం మీద రాసి అంటించినా, ఫోన్ చేస్తే ఒకరు పలికినా నా ప్రయాణం తప్పేది. హాలుని పెళ్లిళ్లకు ఇస్తే ఇచ్చుకోండి, కరెంటు బిల్లులు కట్టాలిగా. నెల ముందు కార్యక్రమాల పట్టిక పెట్టడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

సినిమా సంగతి క్లుప్తంగా చెబుతాను, దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సినిమా పంపిణీ లెక్కల్లో ఈస్ట్, వెస్ట్ అని మన జిల్లాలకు విడివిడిగా రెండు గళ్లు ఉంటాయి. 2022లో జిల్లాలు విడిపోయినా ఆ గళ్లు చెరగలేదు. తెలుగునేల మీద తొలి స్టూడియో, దుర్గా సినీటోన్, 1936లో వచ్చింది రాజమహేంద్రవరంలోనే. కాకినాడలో హాళ్లన్నీ ఒక దారిలో చేరి ఆ దారికి సినిమా రోడ్డనే పేరు నిలిచిపోయింది. పెద్ద సినిమా మొదటి రోజు ఈ రోడ్డులో ఉదయం ఆట చూడటం కూడా ఒక ప్రత్యక్ష ప్రదర్శనే. మల్టీప్లెక్సు కంటే ఒంటి తెర హాలుకే వెళ్లమంటాను. ఇంటర్వెల్‌లో రామచంద్రపురం కూల్‌డ్రింకు ఆర్టోస్ దొరికితే తాగండి. ఆ హాళ్లు ఎంతకాలం ఉంటాయో చెప్పలేం. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలు. 2022 మార్చిలో కనిష్ఠం 20 అయింది. ఆ మధ్యలో మూతపడిన చిన్న హాళ్లలో కొన్ని తిరిగి తెరుచుకోనే లేదు. నేను చిన్నప్పుడు సినిమాలు చూసిన మూడు హాళ్లలో రెండు ఇప్పుడు కల్యాణ మండపాలు.

ఇంకా రెండు చోట్లు చెప్పాలి. గోదావరి గట్టున కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాల ఉంది. అక్కడ నేర్చుకున్న అమ్మాయిలు కాళ్లకు గజ్జెలు కట్టి, చిడతలు పట్టి ఇవాళ రాష్ట్రమంతా కథలు చెబుతున్నారు. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. ఈ రెంటికీ ఊరి పిలుపు వస్తేనే ఆట. పర్యాటకుడు డబ్బు పట్టుకుని వచ్చినా, ఫలానా శనివారం ఫలానా చోట కూర్చోండి అని చెప్పే నాథుడు లేడు. పాపికొండల బోటుకి టికెట్ అమ్మే కౌంటర్‌లోనే వారానికి ఒక్క బొమ్మలాటకి టికెట్ అమ్మొచ్చు. బోటు షికారు చేసి వచ్చినవాళ్లే రాత్రికి ప్రేక్షకులవుతారు. ఆటకి పిలుపుంటే ఆ ఇళ్లలో పిల్లలు కూడా ఆ విద్య పట్టుకుంటారు.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లు, రోడ్లు, రైళ్ల మాటలు మొదలయ్యాయి. లక్షల మంది స్నానం చేసి, రాత్రి ఊళ్లో ఉండిపోతారు. వాళ్ల కోసం స్టేజీ ఎక్కడ అనే మాట నా చెవిన ఇంకా పడలేదు. కొత్త ఆడిటోరియం కట్టమని నేను అడగను. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం బస్టాండుల్లో ఒక్కో బోర్డు పెట్టి, ఆ వారం చుట్టుపక్కల ఏ ఊళ్లో నాటకం, ఏ ఊళ్లో హరికథ, ఏ తీర్థం, ఎన్ని గంటలకు, ఆఖరి బస్సు ఎప్పుడు అన్నది రాయించండి. ఇప్పటి నుంచే రాయిస్తే పుష్కరాలనాటికి అందరికీ అలవాటవుతుంది.

అందాకా వచ్చేవాళ్లు నా పద్ధతి పాటించొచ్చు. దినపత్రిక జిల్లా పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే నేటి కార్యక్రమాలు చూడండి. లైటింగు, మైకు సెట్టు అద్దెకిచ్చే షాపులో అడగండి, వాళ్ల దగ్గర నెల రోజుల లెక్క ఉంటుంది. అన్నిటికంటే హార్మోనియం మాస్టారిని అడగడం మేలు. భీమవరంలో ఆ తెల్లవారుజామున పెట్టె సర్దుకుంటున్న ఆయన్ని, "మాస్టారూ, మళ్లీ ఎక్కడ?" అని అడిగాను. "ఎల్లుండి నరసాపురం అవతల, అమ్మవారి సంబరం. శనివారం పాలకొల్లు వైపు. ఆదివారం ఖాళీ లేదు బాబూ, రెండు చోట్ల ఒప్పుకున్నా" అన్నారు. జేబులోంచి చిన్న డైరీ తీసి చూపించారు. మార్చి నెలాఖరు దాకా పేజీలు నిండిపోయి ఉన్నాయి.