నీడలో కొలిచిన అంకె చాలదు

వాతావరణ వార్తల్లో రోజూ మేం అచ్చువేసే ఉష్ణోగ్రత గాలిది, ఎండది కాదు. తెల్ల రంగు వేసి, గాలి ఆడేలా చుట్టూ వాలుపలకలు బిగించిన పెట్టెలో, సుమారు మనిషి ఛాతీ ఎత్తున థర్మామీటరు పెట్టి దాన్ని కొలుస్తారు. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ తయారుచేసిన పెట్టె అది. థర్మామీటరు మీద ఎండ పడకుండా చూడటమే దాని పని. ఒక చోటి లెక్కను మరో చోటితో, ఈ ఏటిని పోయిన ఏటితో పోల్చాలంటే అలాగే కొలవాలి. కానీ మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు వేసే కూలీ ఒంటికి తగిలే సెగ ఆ అంకెలోకి రాదు. పనివేళలు మాత్రం ఆ అంకె చూసే నిర్ణయిస్తే, వడదెబ్బకు దారి మనమే తీసినట్టు.

ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడిచేయదు. గాలిలోంచి దూసుకొచ్చి నేలను, గోడను, ఒంటిని కాలుస్తుంది. కాలిన నేల తర్వాత గాలిని వేడెక్కిస్తుంది. అందుకే చలికాలం పొద్దున గాలి చల్లగా ఉన్నా ఎండలో నిలబడితే హాయిగా ఉంటుంది. వేసవిలో పొద్దుగూకి గాలి కాస్త చల్లబడ్డా, గోడ పక్కన కూర్చుంటే వీపుకు సెగ కొడుతుంది. 60 డిగ్రీలకు కాలిన పైకప్పు, 30 డిగ్రీలప్పటి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్ల వేడిని కిరణాలుగా మన మీదికి వదులుతుంది. గదిలో ఫ్యాను తిరుగుతున్నా నెత్తి మాడిపోవడం దానివల్లే.

ఈ వేడిని కొలిచే సాధనం చాలా సాదాది. 15 సెంటీమీటర్ల వెడల్పున్న పలచని రాగి గోళం, బయట మెరుపు లేని నల్ల రంగు, లోపల సరిగ్గా నడుమన ఒక థర్మామీటరు. పెట్టగానే చూస్తే లాభం లేదు, లోపల వేడి కుదురుకోవడానికి సుమారు 20 నిమిషాలు ఆగాలి. ఎండలో వేలాడదీసిన మామూలు థర్మామీటరు ఈ పని చేయలేదు. అది చూపేది అటు గాలి వేడీ కాదు, ఇటు కిరణాల వేడీ కాదు.

గోళం చెప్పే అంకెను కూడా ఒంటరిగా చదవకూడదు. ఒక పక్క కిరణాలు దాన్ని కాలుస్తుంటే, మరో పక్క గాలి దాని వేడిని లాక్కుపోతుంది. గాలి 35 డిగ్రీలు, గోళం 45 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. గాలి కదలని చోటైతే చుట్టుపక్కల నుంచి వచ్చే కిరణాల వేడి 50 డిగ్రీల స్థాయిలో ఉన్నట్టు. సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి వీస్తుంటే, అవే రెండు అంకెలకు అది 60 దాటినట్టు! గాలి వేగం కొలవకుండా గోళాన్ని మాత్రమే చూస్తే తక్కువ అంచనా వేస్తాం.

ఈ చిక్కులన్నీ తెలిసే, 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల కోసం ఒక సూచీ తయారుచేశారు. చెమట ఏపాటి ఆరుతుందో సూచించే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకు 70 శాతం, నల్లగోళానికి 20, గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువ ఇస్తుంది అది. గాలి ఉష్ణోగ్రత వాటా ఎంత చిన్నదో గమనించండి. రోజూ మనకు అందుతున్నది ఆ ఒక్కటే.

ఎండలో, కొలిమి దగ్గర, రేకుల కింద మనుషులు పనిచేసే ప్రతిచోటా నల్లగోళం ఉండాలని, పనికి విరామాలు ఆ సూచీని బట్టే ఇవ్వాలని మేం కోరుతున్నాం. వాతావరణ కేంద్రాలు కూడా దాన్ని రోజూ ప్రకటించాలి. ఆ అంకె మాకు అందిన రోజు నుంచీ, గాలి ఉష్ణోగ్రత పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తాం.