కోమో టీ లామాస్?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు ఏ ప్రైవేటు బడైనా వచ్చే ఏడాది నుంచి స్పానిష్ చెప్పించదలిస్తే, యాజమాన్యం వారి సౌకర్యార్థం కొన్ని సూచనలు. 2020 జాతీయ విద్యా విధానం సెకండరీ స్థాయిలో నేర్పదగ్గ విదేశీ భాషల వరుసలో కొరియన్, జపనీస్, థాయ్‌లతో పాటు స్పానిష్ పేరు కూడా రాసింది. సెకండరీ అన్నారు కాబట్టి మనం యూకేజీలోనే మొదలెట్టాలి. పిల్లలు ఎలాగూ ఖాళీ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో సవర, టీవీలో హిందీ. ఇవేవీ రిపోర్టు కార్డుకెక్కవు గనక వాళ్ళకి ఇంకా ఏ భాషా రానట్టే లెక్క.

ముందు చెయ్యవలసింది తరగతిలో తెలుగు, ఒడియా నిషేధించి ఫైను పుస్తకం తెరవడం. ఇందులో అశ్రద్ధ చేస్తే పిల్లలకి స్పానిష్ వచ్చేసే ప్రమాదం ఉంది. స్పానిష్ త, ద నాలుక కొసని పళ్ళకి ఆనించి పలికేవి. మనవీ అంతే. అచ్చులు అయిదే, ఎక్కడ రాసినా ఒకటే పలుకు. 'బ్వేనాస్ తార్దేస్', అంటే మధ్యాహ్నం పలకరింపు, అని చెవిన వేస్తే పాతపట్నం నుంచి వచ్చే పిల్ల అయిదు నిమిషాల్లో అప్పజెప్పేస్తుంది. మిగతా ముప్ఫై అయిదు నిమిషాలు ఏం చేస్తారు? అందుకని ఇంగ్లీషు మీదుగా తిప్పి తీసుకురావాలి. బోర్డు మీద రోమన్ లిపిలో రాసి చదవమంటే చాలు, 'తే' కాస్తా 'టీ' అయిపోతుంది. రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే 'య' అని ఇంగ్లీషుకి తెలీదు గనక 'యామాస్' వెళ్ళి 'లామాస్' అవుతుంది. పలకకూడని హెచ్‌ని పలికి, హలో అనడానికి వాడే 'ఓలా'ని 'హోలా' చేస్తారు. 'కోమో తే యామాస్', అంటే 'నీ పేరేటి?' అని అడగవలసిన కుర్రాడు పెరూ కొండల్లో మేసే లామాకి టీ ఇప్పిస్తున్నట్టు 'కోమో టీ లామాస్?' అంటాడు. ఫీజుకి న్యాయం జరిగింది.

పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి చదువు చెప్పాలనుకుని ముందు తామే సవర నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అంత తీరిక ఏ యాజమాన్యానికి ఉంటుంది? ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండేసి, ఆ ఒక్క పూటా తెలుగు మీద ఫైను మాఫీ చేస్తే సరిపోతుంది.

ఒడియా పిల్లల మీద మరో కన్ను వేసి ఉంచండి. స్పానిష్‌లో వీ రాసినా, బీ రాసినా పలుకు బకారమే. 'నేను ఫలానా ఊళ్ళో ఉంటాను' అనడానికి 'బీబో ఎన్ పర్లాకిమిడి' అనాలి. మన వాళ్ళు 'వీవో' అని ఫోను పేరు చెబుతారు. ఇన్నాళ్ళూ రవిని రబి అంటున్నాడని క్లాసంతా వెక్కిరించిన ఒడియా కుర్రాడు మాత్రం తడుముకోకుండా సరిగ్గా అనేస్తాడు. మాడ్రిడ్‌లో కూడా రవి రబే మరి. కాకపోతే మాట మొదట్లో వచ్చే రేఫని అక్కడ నాలుక రెండు మూడుసార్లు ఆడేలా గట్టిగా దొర్లించాలి. ఈ సంగతి తల్లిదండ్రుల సమావేశంలో పొక్కనివ్వకండి.

పేరు చెప్పడంలో ఒక తప్పు తప్పనిసరిగా రావాలి. చార్టు మీద 'మే యామో' కింద 'మై నేమ్ ఈజ్' అని రాయించండి. పిల్లలు మాటకి మాట జతచేస్తారు. మే అంటే మై, యామో అంటే నేమ్, మరి ఈజ్ ఏదీ? వెతికి 'ఎస్' తెచ్చి 'మే యామో ఎస్ రవి' అంటారు. 'మే యామో రవి' అంటే చాలు. 'నా పేరు రవి' అని తెలుగులో చెప్పుకున్నవాడికి ఈ తప్పు చేసే అవకాశమే లేదు. చూశారా, నిషేధం ఎంత అవసరమో.

నువ్వు, మీరు తేడా కూడా అంతే. ఒడియాలో తు, తుమె, ఆపణొ అని మూడు మెట్లు ఎక్కి దిగే పిల్లలకి స్పానిష్ 'తూ', 'ఉస్తేద్' ఒక లెక్కా? ఇంగ్లీషు మీదుగా వస్తే రెండూ 'యూ' అయిపోయి, ప్రిన్సిపాల్ గారిని పట్టుకుని 'కోమో ఎస్తాస్', ఎలా ఉన్నావ్ అని అడుగుతారు. 'కోమో ఎస్తా ఉస్తేద్' అనాలి. అయినా స్పెయిన్ బళ్ళలో పంతుళ్ళని తూ అనడం మామూలే, కొలంబియాలో చాలా ఇళ్ళల్లో సొంతవాళ్ళని కూడా ఉస్తేద్ అంటారు. తనకి జరిగింది ఏ దేశపు అవమానమో సారు ముందుగానే తేల్చుకోవాలి.

ఫ్లెక్సీ కొట్టించేటప్పుడు ఒక్కటి మాత్రం నిజంగా చూసుకోండి. ఎన్ అక్షరం నెత్తి మీద చిన్న వంకర గీత ఉంటుంది. అప్పుడది మన అక్షరమాలలో పని లేక కూర్చున్న 'ఞ'. 'తేంగో దియేస్ ఆఞోస్' అంటే నాకు పదేళ్ళు. కంప్యూటర్ కుర్రాడు కీబోర్డులో దొరకలేదని ఆ గీత వదిలేస్తే ఏళ్ళు పోయి, పెద్దమనుషులు కూర్చునేందుకే తప్ప చెప్పుకునేందుకు వాడని అవయవం వస్తుంది. అవి తనకి పది ఉన్నాయని మీ పాప గేటు దగ్గర ఫ్లెక్సీలో నవ్వుతూ ప్రకటిస్తుంది.

పొద్దుటి పలకరింపు 'బ్వేనోస్ దీయాస్' మధ్యాహ్నం దాకా. 'దీయా' చివర ఆకారం చూసి ఆడమాట అనుకుని 'బ్వేనాస్ దీయాస్' అనేస్తారు, నిజానికి దీయా మగమాట, అందుకే బ్వేనోస్. 'తార్దేస్' ఆడమాట. ఎండాకాలం పొద్దుటి బడి పెడితే ఆ తార్దేస్‌తో పనే పడదు, సిలబస్ కొంత తగ్గుతుంది.

మొదటి మూడు పీరియడ్లు సుద్దముక్క ముట్టకుండా, పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, బంతి విసిరి 'కోమో తే యామాస్?' అనడిగి, పట్టుకున్నవాడితో 'మే యామో' అనిపించి, 'ఈ తూ?', మరి నువ్వో అని తిరిగి విసిరించి, ఆ మాటలు నోట నిలిచాక నాలుగో రోజున లిపి చూపించే మాస్టరు ఎవరైనా దొరికితే వెంటనే మాన్పించండి. నోటు పుస్తకాలు ఖాళీగా ఉంటే తల్లిదండ్రులు ఊరుకోరు.

వార్షికోత్సవానికి 'ముచో గుస్తో', అంటే మిమ్మల్ని కలవడం సంతోషం, నేర్పించండి. అదే అర్థానికి 'ఎన్‌కంతాదో' అబ్బాయిలు, 'ఎన్‌కంతాదా' అమ్మాయిలు అనాలి, వేదిక మీద కలగాపులగం అవుతుంది. ముచో గుస్తోతో ఆ బెడద లేదు. ముఖ్య అతిథికి స్పానిష్ రాదని ముందే వాకబు చేసుకోండి. వచ్చినవాడైతే 'ఈ తూ, దే దోందే ఎరెస్?', ఏ ఊరమ్మా అని ఎదురడుగుతాడు. మన పిల్లలకి అడగడమే నేర్పారు, వినడం నేర్పలేదు. 'మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్', కాస్త నెమ్మదిగా చెప్పండి అనే మాట మొదటి వారంలోనే రావలసింది. అది రెండో లెవెల్ పుస్తకంలో ఉంది, ఆ లెవెల్ ఫీజు ఇంకా సగం మంది కట్టలేదు.