హాల్ టికెట్‌తో వచ్చే సూచనలు ఎవరైనా చదువుతున్నారా?

పోయినేడాది మెడిసిన్ ప్రవేశ పరీక్ష నీట్‌కు మా అక్క కూతుర్ని పీలేరు నుంచి తిరుపతి సెంటర్‌కు నేనే తీసుకొచ్చాను. గేటు దగ్గర తనిఖీలో ముక్కుపుడక తీయమన్నారు. మర బిగుసుకుపోయింది, ఊడి రాలేదు. ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని తీసుంటే ఐదు నిమిషాల పని. మే నెల ఎండలో, క్యూలో నిలబడి లాగేసరికి ముక్కు వాచిపోయింది, పిల్ల ఏడుపు. వాళ్ల అమ్మమ్మ తిరుమల నుంచి తెచ్చి మెడలో వేసిన శ్రీవారి డాలరు కూడా తీయాల్సి వచ్చింది. "పిన్నీ, ఇది తీస్తే ఏమన్నా అవుతుందా?" అని అడిగింది. 180 ప్రశ్నలు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. అలాంటి పరీక్షకు ఆ మనసుతో లోపలికి వెళ్లింది.

గేటు దగ్గర వాళ్లను నేను తప్పుపట్టను. నగలు వద్దని, పొడుగు చేతుల బట్టలు వద్దని, బూట్లు కాకుండా చెప్పులు వేసుకోమని ముందే రాసి ఇస్తారు. నా కోపమంతా కాలేజీల మీద. రెండేళ్లు రాత్రి దాకా స్టడీ అవర్లు పెడతారు, ఈ నిబంధనల గురించి ఒక్క గంట చెప్పరు.

పరీక్ష 2 గంటలకైనా గేటు 1:30కే మూసేస్తారు. ఆదివారం, అందులోనూ వేసవి సెలవులు, తిరుపతి రోడ్ల మీద యాత్రికుల రద్దీ ఎలా ఉంటుందో మనకు తెలియదా? పీలేరు నుంచి వచ్చే దారిలో భాకరాపేట ఘాట్‌లో ఒక్క లారీ ఆగినా అంతే. వీలైతే ముందురోజే వచ్చేయండి. మొక్కు ఉంటే తలనీలాలు పరీక్ష అయ్యాకే ఇవ్వండి, హాల్ టికెట్ ఫోటోతో ముఖం పోల్చి చూస్తారు. హాల్ టికెట్ మీద ఫోటో, వేలిముద్ర ఇంట్లోనే పూర్తి చేసుకోండి, సంతకం మాత్రం ఇన్విజిలేటర్ ముందే పెట్టాలి. ప్రశ్నపత్రం మీదా జవాబులు దిద్దే ఓఎంఆర్ షీటు మీదా ఉన్న కోడ్ ఒకటేనో కాదో చూసుకుని, తేడా ఉంటే అప్పుడే చెప్పండి. తెలుగులో రాసేవాళ్లూ, అనువాదంలో అనుమానం వస్తే పక్కనున్న ఇంగ్లిష్ ప్రశ్న చూడండి, చివరికి చెల్లేది అదే.

ఇంజినీరింగ్, ఫార్మసీ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ లెక్క వేరు. 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. నీట్ అలవాటులో అక్కడా తెలియనివి వదిలేసి వచ్చిన పిల్లలున్నారు. ఎంత బాధ!

కాలేజీల వాళ్లను అడుగుతున్నాను. హాల్ టికెట్లు వచ్చిన వారంలో ఒక్క మధ్యాహ్నం పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి ఇవన్నీ చదివి వినిపించండి. పీలేరులో అయితే నేనే వచ్చి చెప్తాను.