రైతుకు మూడేళ్లు ఆగమని చెప్పే బీమా ఎవరికోసం?

టంగుటూరు దగ్గర నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరగానే ఇంటిల్లిపాదికీ బీమా కార్డులొచ్చాయి. అమ్మానాన్నలకు షుగర్, బీపీ ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. అన్న పొగాకు వేస్తాడు. సొంతంగా పాలసీ తీసుకోబోతే రక్త పరీక్షలన్నారు. షుగర్ ఉందని తేలాక ప్రీమియం పెంచారు, దానివల్ల వచ్చే జబ్బులకు మూడేళ్ల దాకా పైసా రాదన్నారు.

2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పాత జబ్బులకు ఆగాల్సిన ఈ వెయిటింగ్‌ను నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. మంచిదే. కానీ కంపెనీ ముందు ఆ అన్న ఇప్పటికీ ఒంటరివాడే.

జబ్బు వచ్చాకే అందరూ పాలసీ కొంటే కంపెనీలు మునిగిపోతాయని బీమా వాళ్లంటారు. ఆ మాట నిజమే. అందుకే రైతులంతా కలిసి ఒకే పాలసీ తీసుకునే గ్రూపు కావాలంటున్నాను. వెయ్యిమంది ఒకేసారి చేరితే అందులో జబ్బులున్నవాళ్లు కొందరే ఉంటారు. తమ్ముడి ఆఫీసుకు కుదిరిన లెక్క ఇదే.

అసలు టెన్షన్ రెన్యూవల్‌తో. మన దగ్గర డబ్బు నెలనెలా రాదు, పంటతో వస్తుంది. కావలి వైపు రొయ్యల చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలిందంటే ఆ ఏడు అప్పు తీర్చడానికే దిక్కుండదు, ఇక ప్రీమియం ఎక్కడ కడతారు? గడువు మీద ఇచ్చే 30 రోజులూ దాటితే పాలసీ పోతుంది. మళ్లీ తీసుకుంటే మూడేళ్ల లెక్క మొదటికొస్తుంది. రెండేళ్లు కట్టిన డబ్బు, ఓపిక పట్టిన కాలం అన్నీ గంగలో కలిసినట్టే. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

కేవలం బీమా కోసం గుంపు కట్టకూడదని నిబంధన ఉంది. మనకా అవసరమే లేదు. పొగాకు రైతులు ఇప్పటికే పొగాకు బోర్డులో రిజిస్టరై ఉన్నారు. ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో అమ్మిన సరుకు డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ప్రీమియం అక్కడే, చేతిలో నాలుగు డబ్బులున్న రోజునే పట్టుకోవచ్చు.

నెల్లూరు ఆడవాళ్లు ఈ పని ఎప్పుడో చేసి చూపించారు. 1990ల మొదట్లో దూబగుంట సారా పోరాటం తర్వాత రోజుకు రూపాయి చొప్పున పొదుపు చేసి సంఘాలు కట్టారు. ఒక్కరిగా వెళితే గడప తొక్కనివ్వని బ్యాంకులే సంఘాన్ని పిలిచి అప్పిచ్చాయి. ఆ పొదుపు సంఘాలు ఈరోజుకీ ఊరూరా ఉన్నాయి. అప్పు కోసం పనికొచ్చిన సంఘం ఆసుపత్రి ఖర్చుకు ఎందుకు పనికిరాదు?

వచ్చే వేలం సీజన్‌లోగా పొగాకు బోర్డు బీమా కంపెనీలను పిలిచి, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తించే గ్రూపు పాలసీ అడగాలి. గ్రూపు పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఇంకా అలాగే ఉంది. రైతు సంఘాలకు, పొదుపు సంఘాలకు దాన్ని ఎత్తేయమని మన ఎంపీలు ఢిల్లీలో గట్టిగా అడగాలి.